బొటనవేలు వెతికిన చోటు

"ఏమండీ, పాలగిన్నెలో ఇవేమిటండీ?"

ఆదివారం పొద్దున్నే వంటింట్లోంచి భార్య కేక వినబడగానే అతను నాలిక కరుచుకున్నాడు. పాలగిన్నెలో సలసల మరుగుతున్నవి బేస్ గిటార్ తీగలు. వాయించి వాయించి జిడ్డు పట్టి మూగబోయిన పాత తీగల్ని ఓ పది నిమిషాలు నీళ్ళలో మరిగిస్తే మళ్ళీ గొంతు విప్పుతాయి. ఈ సంగతి బేస్ గిటార్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ భార్యలకు ఇంకా బాగా తెలుసు.

"ఇంకో గిన్నె దొరకలేదోయ్. అన్నీ చిన్నవే."

"మరి నేను పాలెందులో కాచను? మీ గిటార్ డొల్లలోనా?"

"బేస్ గిటార్‌కి డొల్ల ఉండదు. గట్టి కొయ్య అది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"పదిహేనేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. అయినా గిన్నె మాత్రం నాది."

అతను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం పని. ఇంటికొచ్చాక మాత్రం అతని లోకం వేరు. పాత బేస్ గిటార్లు వెతికి కొంటాడు, ఒక్కో మరా విప్పుతాడు, బాగుచేస్తాడు, కొన్నాళ్ళు వాయించి మురిసిపోతాడు, ఎవరైనా మోజుపడితే అమ్మేస్తాడు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో అతన్ని అందరూ 'మాస్టారూ' అంటారు. "మాస్టారు చూశారంటే కళ్ళు మూసుకుని కొనేయొచ్చు" అంటారు. ఆ మాట చదివినప్పుడల్లా అతను అద్దం ముందుకెళ్ళి జుట్టు సర్దుకునేవాడు. మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండకూడదా అంటే ఉండొచ్చు. కానీ వచ్చిన చిక్కంతా దాంతోనే వచ్చింది.

తీగలు గుడ్డమీద ఆరబెడుతుండగా ఫోన్ మోగింది. వదిన.

"మేం బయల్దేరుతున్నాం మరిదీ! ఫిజియోథెరపీ అమ్మాయి నిన్న ఏమందో తెలుసా? బంతి నొక్కింది చాలు, ఇక ఆయనకి ఇష్టమైన పనేదో చేయించండి అంది. అంతే, మీ అన్నయ్య పొద్దున్నే లేచి గడ్డం గీయించుకుని కూర్చున్నారు. గిటార్ తీసి ఉంచు. భద్రంగానే ఉందిగా?"

"ఉంది వదినా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

అన్నయ్య ముప్ఫై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించాడు. పాడేవాళ్ళ వెనక, వెలుతురు పడని చోట కదలకుండా నిలబడి వాయిస్తాడని జట్టులో అందరూ ఆయన్ని 'గోడ' అని పిలిచేవాళ్ళు. తమ్ముడికి బేస్ అంటే ఏమిటో చెప్పింది ఆయనే. "పాట వినేవాడికి మనం వినపడం రా చిన్నోడా. మనం ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది" అనేవాడు.

ఎనిమిది నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంచెం కొంచెంగా దారికొచ్చింది గానీ చెయ్యి మాత్రం మొండికేసింది. గిటార్ కళ్ళ ముందుంటే ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటున్నారని నాలుగో నెలలో వదినే దాన్ని తెచ్చి తమ్ముడికి అప్పగించింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడికి ఒక పాత సామాన్ల కొట్టులో ఇంకో బేస్ దొరికింది. అన్నయ్య గిటార్ ఏ కంపెనీదో ఇదీ అదే, తయారైన సంవత్సరం కూడా అదే. బాడీ మీద గీత కూడా లేదు. కానీ నెక్, అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి కొయ్య, తడికి వంకరపోయి ఎందుకూ పనికిరాకుండా ఉంది. బేస్ గిటార్‌కి నెక్ నాలుగు మరలతో బిగించి ఉంటుంది. ఒకదాని నెక్ ఇంకోదానికి సరిపోతుంది. కొత్త నెక్ వేసి అమ్మొచ్చు. కానీ 'అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే' అని రాయడానికి ఉండదు. గ్రూపులో వాహ్వా మాస్టారూ అని ఎవరూ అనరు.

అన్నయ్య ఇక వాయిస్తాడా ఏమన్నానా అనుకున్నాడు. ఒక్క మధ్యాహ్నం పని. అన్నయ్య నెక్ విప్పి ఆ బాడీకి బిగించాడు. అన్నయ్య బాడీకి కొత్త నెక్ తగిలించి, దాన్ని టీ నీళ్ళతో రంగు పట్టించి, గరుకు కాగితంతో రుద్ది పాతదానిలా చేశాడు. అన్నయ్య నెక్ చివర తీగలు బిగించే చెవుల్ని కూడా విప్పి ఈ కొత్త నెక్‌కే పెట్టాడు. చూస్తే ఎవరూ పోల్చలేరు. ఒక్కటే అతను చేయలేకపోయింది. ముప్ఫై ఏళ్ళు బొటనవేలు ఆనించి ఆనించి అన్నయ్య నెక్ వెనక వార్నిష్ పోయి, కొయ్య నున్నగా అరిగి చిన్న గుంటలా అయింది. అది ఎక్కడ ఎవరు తడుముతారులే అని ఊరుకున్నాడు. ఆ రెండో గిటార్‌ని సిటీ బస్సు నడిపే ఒకావిడ సంబరంగా కొనుక్కెళ్ళింది. గ్రూపు నిండా మాస్టారు, మాస్టారు.

* * *

అన్నయ్య రెండంతస్తుల మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు. గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూనే నవ్వాడు. మూతి ఇంకా కొంచెం ఒక పక్కకి లాగుతోంది.

"ఏరా చిన్నోడా, లిఫ్టున్న ఇల్లు తీసుకోకూడదూ? నా దరిద్రం కాకపోతే!"

"రండి బావగారూ, కూర్చోండి. కాఫీ కలుపుతాను" అంది తమ్ముడి భార్య.

"కాఫీ తర్వాతమ్మా. ముందు దాన్ని తెమ్మను."

తమ్ముడు లోపలి గదిలోంచి గిటార్ తెచ్చాడు. వదిన దగ్గరుండి బెల్టు భర్త భుజానికి తగిలించింది. అన్నయ్య కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని, పిల్లవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టినట్టు జాగ్రత్తగా నెక్ మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆయన ఒక్క తీగ కూడా మీటలేదు. బొటనవేలు మాత్రం నెక్ వెనక మెల్లగా కదిలింది. పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, మళ్ళీ పైకి వెళ్ళింది. వెతుకుతోంది. తమ్ముడు ఆ వేలినే చూస్తున్నాడు.

"ఇది నాదేనా?" కళ్ళు తెరవకుండానే అడిగాడు అన్నయ్య.

చెప్పాల్సింది అప్పుడే. ఆ క్షణం ఎంతసేపుందో తమ్ముడికి తర్వాత ఎన్నోసార్లు గుర్తుకొచ్చింది. అంతసేపున్నా నోరు పెగల్లేదు.

"నీదేగా అన్నయ్యా. తీగలు కొత్తవి వేశాను. అందుకే కొంచెం..."

"తీగలు కాదు." అన్నయ్య ఇంకోసారి తడిమాడు. తర్వాత కళ్ళు తెరిచి తన ఎడమచేతిని ఎవరిదో చూసినట్టు చూశాడు. "నాకే తెలియట్లేదు. పోయిందిరా. కాలొచ్చింది, మాటొచ్చింది, ఇదీ వస్తుందనుకున్నాను. స్పర్శే పోయింది. ముప్ఫై ఏళ్ళ చోటు... వేలికి అందట్లేదు."

"అలా అనకండి, మొదటి రోజేగా" అంటూనే వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొదటి రోజూ ఇదే, ఆఖరి రోజూ ఇదే. తీసెయ్ దీన్ని." బెల్టు తనే తప్పించబోయాడు. రాలేదు. తమ్ముడు ముందుకొచ్చి తప్పించాడు. "అమ్మెయ్యిరా. చెయ్యి ఉన్నవాడెవడికైనా ఇచ్చెయ్యి. ఊరికే పడి ఉంటే కొయ్య పాడవుతుంది."

భోజనాల దగ్గర ఆయన జోకులేశాడు. మెతుకు మాత్రం మింగలేదు. వెళ్ళేటప్పుడు మెట్లు దిగడానికి వదిన భుజం పట్టుకున్నాడు.

* * *

వాళ్ళ కారు వీధి మలుపు తిరిగాక కూడా తమ్ముడు కిటికీ దగ్గరే నిలబడ్డాడు. వెనక నుంచి భార్య వచ్చి ఫోన్ అతని ముందు పెట్టింది.

అమ్మకానికి పెట్టే ప్రతి గిటార్‌కీ ఫొటోలు తీసేది ఆవిడే. వెలుతురు ఎటునుంచి పడాలో ఆవిడకు తెలిసినట్టు అతనికి తెలియదు. బస్సు నడిపే ఆవిడ కొన్న గిటార్ ఫొటో అది, వెనకవైపు నుంచి తీసింది. నెక్ మీద రూపాయి బిళ్ళంత చోట వార్నిష్ పోయి, కొయ్య తెల్లగా మెరుస్తోంది.

"ఈ మచ్చేమిటండీ అని ఆ రోజే అడిగాను. పాతదిగా, అలాగే ఉంటుంది అన్నారు. ఇవాళ బావగారి వేలు వెతికింది సరిగ్గా ఇంత ఎత్తులోనే."

అతను ఫోన్ బోర్లా తిప్పబోయాడు.

"చెప్పండి. ఇది ఆయనదేనా?"

"నువ్వనుకుంటున్నట్టు కాదు. ఇక వాయించడనుకున్నాను. డాక్టర్లు కూడా..."

"డాక్టర్లు ఆయన చెయ్యి గురించి చెప్పారు. గిటార్ విప్పుకోమని మీకు చెప్పలేదే!"

"మెల్లిగా మాట్లాడు."

"ఎందుకు? పక్కింటివాళ్ళు వింటారనా? వింటే విననివ్వండి! అంత మనిషి, గోడలాంటి మనిషి, తన చెయ్యి చచ్చిపోయిందనుకుని మెట్లు దిగాడు. ఆయన చెయ్యి బతికే ఉంది. కాదని పట్టేసింది కూడా. మీరు ఎదురుగా నిలబడి నీదేగా అన్నారు!"

తల కొట్టేసినట్టయింది అతనికి. ఆ మాట అన్నప్పుడు తన గొంతు ఎంత మామూలుగా ఉందో గుర్తొచ్చి ఇంకా కుంగిపోయాడు. డబ్బు అవసరమై చేసినా ఇంత సిగ్గుండేది కాదేమో. నలుగురు శెభాష్ అంటారని చేశాడు. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. అన్నయ్య మంచం మీద బతకడానికి తంటాలు పడుతుంటే, తను మాత్రం ఆయన పని అయిపోయిందని తేల్చేసి, బతికున్న మనిషి వస్తువుని పంచుకున్నాడు.

"ఆ నెక్ తెచ్చి మళ్ళీ బిగించేస్తాను. ఇంకోసారి వాయించి చూడమంటాను. ఆయనకేమీ తెలియనక్కర్లేదు" అన్నాడు చివరికి.

భార్య తన ఫోన్ తీసుకుంది. "ఆ ఫొటో నేనే తీశాను. తెలియక తీసినా ఆ అబద్ధంలో నేనూ ఉన్నాను. నాకే మీ వదిన ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది. మీకు ఇంకా దొంగచాటుగా సర్దేయాలని ఉందా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

బుధవారం వదిన ఫోన్ చేసింది. గొంతు జీరపోయి ఉంది.

"బంతి విసిరేశారు మరిదీ. ఫిజియోథెరపీ అమ్మాయిని రావద్దన్నారు. ఎంతసేపూ ఆ చేతిని దుప్పటి కింద దాచుకుని కూర్చుంటున్నారు. ఇలాగే వదిలేస్తే చెయ్యి బిగుసుకుపోతుందట, ఇక ఎప్పటికీ రాదట. నువ్వైనా వచ్చి చెప్పు. నీ మాట వింటారు."

"గిటార్ తీసుకుని వస్తాను వదినా."

"వద్దు! అది మాత్రం గుమ్మం తొక్కకూడదన్నారు. తెస్తే నీతో కూడా మాట్లాడరట."

తమ్ముడు అద్దాలు అరగదీసే యంత్రం ఆపి కూర్చుండిపోయాడు. దొంగచాటు దారి కూడా మూసుకుపోయింది. ఆయన మళ్ళీ ఆ గిటార్ ముట్టుకోవాలంటే ఒక్కటే మార్గం. ఆ ఆదివారం ఆయన చేతిలో ఉన్నది ఏమిటో చెప్పాలి. ఎవరు చెప్పాలి? చేసినవాడే.

దుకాణంలో ఒక పూట సెలవడిగి బస్సు డిపోకి వెళ్ళాడు. బస్సావిడ ఖాకీ చొక్కాలో బస్సు మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"మాస్టారూ! మీరేంటి ఇక్కడ?"

ఆ పిలుపు కోసమే కదా ఇదంతా చేసింది. ఇప్పుడది చెంపదెబ్బలా తగిలింది. "నన్ను అలా పిలవకండమ్మా" అని మొదలుపెట్టి, చెప్పాల్సిందంతా చెప్పేశాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మధ్యలో హారన్లు మోగితే ఆగి, మళ్ళీ అక్కడి నుంచే చెప్పాడు.

ఆవిడ సీసా మూత తిప్పుతూ విన్నది. "అంటే అన్నీ కంపెనీవే అని రాసింది అబద్ధం."

"అబద్ధమే."

"నేను ఊరంతా చూపించుకు తిరిగానండీ. మాస్టారి దగ్గర కొన్నానని." సీసా పక్కన పెట్టింది. "కొన్న రోజే నా వేలు ఆ గుంటలో దిగింది. ఎవరో నాకోసం చోటు ఉంచి వెళ్ళారనిపించింది. ఆ ఎవరో చనిపోయారేమో అనుకున్నాను."

"లేదమ్మా. బతికే ఉన్నాడు."

"సాయంత్రం ఇంటికొచ్చి తీసుకెళ్ళండి. మిగతాది తర్వాత చూసుకుందాం. కానీ ఒక్క మాట. గ్రూపులో కూడా చెప్పండి. నేను చెబితే చాడీలా ఉంటుంది."

ఆ సాయంత్రం గిటార్ తెచ్చుకున్నాక అతను గ్రూపులో నాలుగు వాక్యాలు రాశాడు. రాసింది భార్యకు చదివి వినిపించాడు. "'పొరపాటు జరిగింది' కాదండీ, 'నేను చేశాను' అని రాయండి" అంది ఆవిడ. మార్చాడు. ఒకరిద్దరు ఛీ అన్నారు. చాలామంది ఏమీ అనలేదు. మాస్టారూ అని మాత్రం ఎవరూ అనలేదు.

* * *

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ అన్నయ్య ఇంటికి వెళ్ళారు. తమ్ముడి చేతిలో తువ్వాలు చుట్టిన మూట ఉంది. అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. చెయ్యి దుప్పటి కిందే ఉంది.

"తేవద్దన్నానుగా" అన్నాడు మూట చూసి.

"వాయించమనడానికి రాలేదు అన్నయ్యా." తమ్ముడు నేల మీద కూర్చున్నాడు. పక్కన కుర్చీ ఉన్నా దానిమీద కూర్చునే ముఖం లేదు. "ఆ రోజు నీ చేతిలో పెట్టింది నీది కాదు."

అన్నయ్య చూపు మూట మీదికి మళ్ళింది.

"బాడీ నీదే. నెక్ మాత్రం కొత్తది. నీది విప్పి ఇంకోదానికి వేసి అమ్మేశాను, నలుగురూ మెచ్చుకుంటారని. దీన్ని పాతదానిలా రుద్ది రంగేశాను. నువ్వు 'ఇది నాదేనా' అని అడిగావు. నీ వేలు వెతకడం చూస్తూనే నీదే అన్నాను."

తలుపు దగ్గర వదిన నిశ్చేష్టురాలై నిలబడింది. తమ్ముడి భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. అన్నయ్య ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన తిడితే బాగుండు, లేచి కొడితే ఇంకా బాగుండు అనిపించింది తమ్ముడికి.

"నేను ఇక వాయించనని నువ్వే తేల్చేశావా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "అవును."

"ఎన్నో నెలలో?"

"నాలుగో నెలలో."

"నాలుగో నెలలో నేను చెంచా పట్టుకోవడం నేర్చుకుంటున్నాను రా."

ఆ మాటకి తమ్ముడు తట్టుకోలేకపోయాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం.

కొంతసేపటికి దుప్పటి కదిలింది. "అంటే..." అన్నాడు అన్నయ్య. "అంటే, ఆ రోజు నా చెయ్యి సరిగ్గానే చెప్పిందన్నమాట."

"సరిగ్గానే చెప్పింది బావగారూ. మేమే అబద్ధం చెప్పాం" అంది తమ్ముడి భార్య ఏడుస్తూ.

"రెండూ తెచ్చారా?"

తమ్ముడు మూట విప్పాడు. అన్నయ్య గిటార్ బాడీ, కొత్త నెక్, పాత నెక్, ఒక స్క్రూడ్రైవర్. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఏది ఏదో చెప్పకు. ఒక్కోటి పెట్టు."

తమ్ముడు మొదటిది ఎడమచేతి కింద పెట్టాడు. బొటనవేలు మెల్లగా పైకీ కిందికీ కదిలింది. "కాదు." రెండోది పెట్టాడు. వేలు కదిలింది, కొంచెం ఆగింది, మళ్ళీ కదిలి, గుంటలోకి దిగి ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"ఇదిగో. ఇక్కడే ఉంది" అన్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు, ఎనిమిది నెలల్లో వినని నవ్వు. "ఏమే, చూశావా? చెయ్యి ఉందే నాకు!" వదిన వచ్చి ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని తన చెంపకి ఆనించుకుంది.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "బిగించేస్తాను అన్నయ్యా. ఐదు నిమిషాలు."

"అక్కడ పెట్టు." అన్నయ్య గొంతులో నవ్వు పోయింది. "నిన్ను క్షమించానని ఎవరు చెప్పారు? విప్పింది నువ్వు. బిగించేది నేను. ఈ చేత్తోనే."

గిటార్‌ని బోర్లా బల్ల మీద పెట్టారు. తమ్ముడు రెండు చేతుల్తో నెక్ కదలకుండా పట్టుకున్నాడు. అన్నయ్య ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే స్క్రూడ్రైవర్ చుట్టూ ముడుచుకున్నాయి. మొదటి మర పావు చుట్టు తిరిగింది. స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. తమ్ముడు తీసి ఇచ్చాడు. మళ్ళీ పడింది. మళ్ళీ ఇచ్చాడు. తను బిగిస్తే నిమిషం పట్టని మర, అరగంట పట్టింది. సాయం చేద్దామని ఒకసారి చెయ్యి ముందుకు పోతే అన్నయ్య చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

ఆడవాళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. "అక్కా, పెద్ద గిన్నె ఒకటి ఉంటే ఇవ్వండి, పాత తీగలు మరిగించాలి" అని తమ్ముడి భార్య అడగడం వినిపించింది.

రెండో మర దగ్గర తమ్ముడి చేతులు నొప్పి పుట్టాయి. కొంచెం సడలించాడు.

"కదలకురా చిన్నోడా. గట్టిగా పట్టుకో" అన్నాడు అన్నయ్య, తల ఎత్తకుండా.

"పట్టుకున్నాను అన్నయ్యా."

ఇంకా రెండు మరలున్నాయి.